గంజాయికి నాలుగు వారాలు గ్యాప్ ఇవ్వాలనుకుంటే

"రేపట్నుంచి పూర్తిగా బంద్" అని అర్ధరాత్రి ఒట్టేసుకుని, మర్నాడు సాయంత్రం ఏడింటికల్లా ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జీవితాంతం మానేయమని ఇక్కడ అడగడం లేదు. ఆ మాట వినగానే ఇరవై మూడేళ్ల వయసులో నా చెవులు వాటంతటవే మూసుకుపోయేవి. ఒక తేదీన ఆపడం, ఇంకో తేదీ దాకా ముట్టుకోకుండా ఉండటం, ఆ మధ్యలో ఒంటికీ బుర్రకీ ఏమవుతోందో చూసుకోవడం. పని ఇంతే. రోజూ, లేదా వారంలో నాలుగైదు రోజులు తాగే అలవాటున్నవాళ్లకి ఇది పనికొస్తుంది. ఎప్పుడో నెలకోసారి అయితే ఇంత ఏర్పాటు అక్కర్లేదు.

నాలుగు వారాలే ఎందుకు?

గంజాయిలో మత్తెక్కించేది టీహెచ్‌సీ. మెదడులో సీబీ1 అనే గ్రాహకాలు ఉంటాయి, టీహెచ్‌సీ వెళ్లి వాటిని పట్టుకుంటుంది. నిజానికి ఆ గ్రాహకాలు మన ఒంట్లోనే తయారయ్యే రసాయనాల కోసం ఉన్నవి. 1992లో అలాంటి ఒక రసాయనాన్ని కనిపెట్టినప్పుడు, సంస్కృతంలోని 'ఆనందం' అనే మాట తీసుకుని దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. రోజూ బయటి నుంచి టీహెచ్‌సీ వచ్చి పడుతుంటే, మెదడు ఆ గ్రాహకాలను తగ్గించుకుంటూ పోతుంది. మొదట్లో రెండు దమ్ములకి వచ్చిన కిక్కు ఇప్పుడు రెండు జాయింట్లకి (గంజాయి నింపి చుట్టిన సిగరెట్లకి) కూడా రాకపోవడం అందుకే.

రోజూ వాడేవాళ్ల మెదళ్లను స్కాన్ చేసి చూసినప్పుడు, ఆపిన రెండు రోజులకే ఆ గ్రాహకాలు తిరిగి కోలుకోవడం మొదలైంది. 28 రోజులకి వాడనివాళ్లతో చెప్పుకోదగ్గ తేడా లేకుండా వచ్చాయి. నాలుగు వారాల లెక్క అక్కడిది. వారం రోజుల గ్యాపుల మీద నాకున్న గొడవ కూడా ఇదే: కష్టమంతా మొదటి వారంలోనే ఉంటుంది, సుఖం ఆ తర్వాత వస్తుంది. వారానికే వెనక్కి వెళ్లేవాళ్లు కష్టం మాత్రం చూసి, "ఆపితే ఇలాగే ఉంటుంది కాబోలు" అనుకుని పోతారు.

మొదలుపెట్టే ముందు డాక్టరుని కలవాల్సినవాళ్లు

గంజాయితో పాటు రోజూ మందు తాగేవాళ్లు, రోజూ నిద్రమాత్రలో ఆందోళన మాత్రలో వేసుకునేవాళ్లు అన్నీ ఒకేసారి ఆపేయకండి. గంజాయి ఆపితే చిరాకు, నిద్రలేమి వస్తాయి. రోజూ తాగే మందుగానీ, కొన్ని రకాల మాత్రలుగానీ హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు రాసిచ్చినందువల్ల గంజాయి మందులు వాడుతున్నవాళ్లు ఆ డాక్టరుతోనే మాట్లాడాలి. గర్భంతో ఉన్నవాళ్లు, ఇదివరకు డిప్రెషన్, భ్రమలు, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవాళ్లు ఒంటరిగా ప్రయత్నించవద్దు.

1. ఒక వారం ఏమీ మార్చకుండా రాసుకోండి

ఇది అందరూ ఎగరగొట్టేసే మెట్టు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది కూడా ఇదే. ఈ వారం తగ్గించకండి, పెంచకండి. తాగిన ప్రతిసారీ, తాగక ముందే, ఫోన్‌లో ఒక్క లైను: టైము, ఎక్కడ, ఎవరితో, ఎందుకు.

నా మొదటి చీటీలోంచి మూడు లైన్లు:

"సోమ, 6:40. రూములో ఒక్కణ్నే. ఊరికే."
"సోమ, 11:15. నిద్ర పట్టదని."
"మంగళ, 7:05. ఆఫీసులో తిట్లు పడ్డాయని."

వారం తిరిగేసరికి ఒక సంగతి బయటపడింది. నేను సరదాకి తాగుతున్నానని అందరికీ చెప్పుకునేవాణ్ని. చీటీలో సరదా అన్న మాట ఒకే ఒక్కసారి ఉంది, శనివారం. మిగతావన్నీ నిద్ర, కోపం, ఊరికే. 'ఊరికే' అయితే తొమ్మిదిసార్లు.

మీ చీటీలో కూడా గంజాయి రెండు మూడు ఉద్యోగాలు చేస్తూ కనిపిస్తుంది. నిద్రపుచ్చడం ఒక ఉద్యోగం, ఖాళీ నింపడం ఇంకొకటి, నలుగురిలో నోరు విప్పించడం మరొకటి. ఈ నెల దానికి సెలవిస్తున్నారు కాబట్టి, ఆ ఒక్కో పని ఎవరికి అప్పగించాలో ముందే తెలియాలి. 'కోరిక వస్తే ఏం చేయాలి' అని అందరికీ ఒకే జవాబు చెప్పే సలహాలు ఇక్కడే దెబ్బతింటాయి.

2. తేదీలు పెట్టుకోండి, కారణం రాయండి

మొదలు తేదీ, ముగింపు తేదీ రెండూ ఉండాలి. పది రోజుల్లోపు మొదలవ్వాలి, లేకపోతే ఆ తేదీ జరుగుతూనే ఉంటుంది. పరీక్షల వారంలోనూ, పాత గ్యాంగుతో ట్రిప్పు ఉన్న వారంలోనూ పెట్టుకోకండి. మొదటి నాలుగైదు రోజుల్లో కనీసం రెండు రోజులు పెద్ద పనుల్లేకుండా చూసుకోండి.

కారణం పెద్దదిగా ఉండనక్కర్లేదు. "జ్ఞాపకశక్తి పెరగాలి" లాంటివి మూడో రోజు రాత్రి మిమ్మల్ని ఆపలేవు. "అమ్మ ఫోన్ చేస్తే ఏడు తర్వాత కూడా ఎత్తగలగాలి" లాంటిది ఆపుతుంది.

అతిగా వాడేవాళ్లు, అంటే లేవగానే మొదలుపెట్టేవాళ్లు, ఒక్కసారిగా ఆపే బదులు ముందు ఒక వారం మొదటి దమ్ముని రోజుకి గంటన్నర చొప్పున వెనక్కి జరుపుకుంటూ రావచ్చు. ఉదయం తొమ్మిదిది పదిన్నరకి, తర్వాత పన్నెండుకి. మిగతావాళ్లకి నా సలహా ఒకే రోజున ఆపేయమని. 'కొంచెం తగ్గిస్తా' అన్నది రోజుకి పదిసార్లు తీర్పు చెప్పాల్సిన వ్యవహారం. 'ఈ నెల లేదు' అంటే తీర్పు అయిపోయింది.

3. ముందు రోజు రాత్రి: గ్రైండర్ సంగతి

మిగిలిన స్టఫ్ పారేయాలి. "ఫ్రెండు దగ్గర దాచిపెడతా" అనకండి. అయిదో రోజు ఆ ఫ్రెండుకే ఫోన్ చేస్తారు, పైగా మీ సరుకుతో దొరికితే కేసు వాడి మీద పడుతుంది. పేపర్లు, ఫిల్టర్లు, పైపు, వేప్, అన్నీ పోవాలి.

సరుకంతా పోయాక కూడా ఒకటి మిగులుతుంది. గంజాయి నలిపే గ్రైండర్ మూత తిప్పి చూడండి. పళ్ల మధ్య, అడుగు అరలో పచ్చటి పొడి పేరుకుని ఉంటుంది. జేబుల మూలల్లో, బ్యాగు చిన్న అరలో, బల్ల సొరుగులో పాత రసీదు కింద, నలుసులు నలుసులుగా. మామూలప్పుడు దాన్ని చెత్త అంటారు. ఆపిన అయిదో రాత్రి అదే నిధిలా కనిపిస్తుంది. నేను సేఫ్టీ పిన్ను పెట్టి గ్రైండర్ గీకాను. ఇరవై నిమిషాలు, సెల్‌ఫోన్ లైటు వెలుగులో. గీకగా వచ్చింది గోరు మీద పట్టేంత. అది చూసుకుంటే నాకే నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. కాబట్టి గ్రైండర్ కూడా పారేయండి. ఖరీదైనదని మనసు ఒప్పుకోకపోతే సబ్బునీళ్లతో కడిగి, మీ చేతికి అందని చోట పెట్టించండి.

దుప్పట్లు, కర్టెన్లు ఉతకండి. వాసన చేసే పని మాటలు చేయలేవు.

4. సిగరెట్ గురించి ముందే తేల్చుకోండి

చాలామంది గంజాయిని పొగాకుతో కలిపి చుడతారు. అలాంటివాళ్లు జాయింట్లు ఆపితే తెలియకుండానే నికోటిన్ కూడా తగ్గిపోతుంది. అప్పుడు వచ్చే తలనొప్పీ, విసుగూ రెండిటివి కలిసి ఉంటాయి, దేనిదేదో తెలియదు. మామూలుగా జరిగేదేమిటంటే, సిగరెట్లు పెరుగుతాయి. రెండూ కలిపి ఆపగలిగితే మేలే, నికోటిన్ ప్యాచ్‌లాంటివి సాయపడతాయి, ఫార్మసిస్టుని అడగండి. రెండూ ఒకేసారి భారం అనిపిస్తే సిగరెట్ల లెక్క ఇప్పటిదే రాసుకుని, దాన్ని దాటనివ్వకండి.

మందు విషయంలో నేను అంత మెతకగా ఉండను. గంజాయి బదులు రాత్రికి రెండు పెగ్గులు అని మొదలుపెడితే మీరు గ్యాప్ ఇచ్చినట్టు కాదు, దుకాణం మార్చినట్టు.

5. మొదటి వారం

గంజాయి ఆపితే ఒంటికి ఏమీ కాదని, అంతా మనసులోనేనని చాలాకాలం అనుకున్నారు. 2013లో అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పులో గంజాయి విత్‌డ్రాయల్‌ని, అంటే ఆపినప్పుడు వచ్చే ఇబ్బందుల్ని, అధికారికంగా చేర్చారు. కాబట్టి మూడో రోజు మీకు ఒళ్లు మండిపోతుంటే అది మీ బలహీనత కింద రాసుకోకండి.

మామూలుగా ఇలా నడుస్తుంది. మొదటి రోజు బానే ఉంటుంది, కొంచెం గర్వంగా కూడా ఉంటుంది. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య చిరాకు, ఆందోళన, ఆకలి లేకపోవడం, రాత్రి చెమటలు, కొందరికి తలనొప్పి, కడుపులో ఇబ్బంది మొదలవుతాయి. మొదటి వారంలోనే ఇవి తారస్థాయికి వెళ్లి, రెండో వారం చివరికి చాలావరకు దిగుతాయి. నిద్ర మాత్రం మొండిది, కొందరిని నెల దాకా సతాయిస్తుంది.

కలల గురించి ముందే చెప్పాలి, లేకపోతే భయపడతారు. రోజూ గంజాయి తాగేటప్పుడు కలలొచ్చే నిద్ర దశ అణిగి ఉంటుంది. ఆపగానే అది బాకీ వసూలు చేసుకున్నట్టు ఒక్కసారిగా తిరిగొస్తుంది. రంగులు, మాటలు, పోయినవాళ్లు, ఎప్పుడో మర్చిపోయిన క్లాస్‌రూమ్, అన్నీ. జాయింట్ వెలిగించినట్టు కలొచ్చి, ఉలిక్కిపడి లేచి, "అయ్యో, తాగేశానా" అని నోరు వాసన చూసుకునేవాళ్లున్నారు. అది ఓటమి కాదు, మెదడు మరమ్మతు చప్పుడు.

నిద్రకి: మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ, ఎనర్జీ డ్రింకులు వద్దు. పడుకునే గంట ముందు గోరువెచ్చటి స్నానం. అరగంటైనా పట్టకపోతే మంచం మీద దొర్లకండి, లేచి మసక వెలుతురులో కూర్చుని, నిద్ర తూగినప్పుడే మళ్లీ పడుకోండి. ఎన్నింటికి పడుకున్నా పొద్దున లేచే టైము మార్చకండి, పగటి కునుకు తీయకండి. మొదటి నాలుగు రోజులు ఇది పనిచేస్తున్నట్టే అనిపించదు. ఫ్రెండు ఇచ్చిన నిద్రమాత్ర మాత్రం వేసుకోకండి.

ఆకలి లేకపోతే కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినండి. నీళ్లు తాగండి. రోజూ చెమట పట్టేలా నడవండి. ఫలానా డ్రింకు తాగితే ఒంట్లోని గంజాయి కడుక్కుపోతుందనే మాటలు నమ్మి డబ్బు పోసుకోకండి. టీహెచ్‌సీ కొవ్వులో నిలిచే పదార్థం, నిదానంగానే బయటికి పోతుంది. రోజూ వాడినవాళ్ల మూత్రంలో దాని ఆనవాళ్లు వారాల తరబడి కనిపించడం మామూలే.

ఇంట్లోవాళ్లకో, రూమ్మేట్లకో ముందే ఒక మాట చెప్పండి: "ఈ వారం కాస్త కరుస్తాను, పట్టించుకోకండి." కారణం చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

కింది వాటిలో ఏది కనిపించినా ఆగకుండా డాక్టరు దగ్గరికి: చచ్చిపోవాలనిపించడం, లేని గొంతులు వినిపించడం, అందరూ నా మీద కుట్ర చేస్తున్నారనే గట్టి అనుమానం, ఆగని వాంతులు. వాంతుల గురించి ఒక విషయం. ఏళ్ల తరబడి వాడినవాళ్లలో కొందరికి మళ్లీ మళ్లీ వాంతులు పట్టుకుంటాయి, వేడినీళ్ల స్నానం చేస్తున్నంతసేపే ఉపశమనం ఉంటుంది. దీన్ని 2004 నుంచి వైద్యులు ప్రత్యేకంగా గుర్తిస్తున్నారు. మీకు అదే అయితే, అది గంజాయి వల్ల వచ్చింది. మళ్లీ తాగితే తగ్గదు, తిరగబెడుతుంది.

6. ఆ గంట

కోరిక అలలాంటిది, లేస్తుంది, తల విరుచుకుంటుంది, పడిపోతుంది. చాలావరకు అరగంటలోపే. దాంతో కుస్తీ పట్టకండి, వాదించకండి. ఫోన్‌లో ఇరవై నిమిషాలు టైమర్ పెట్టి, ఈ లోపల చోటు మార్చండి: గదిలో ఉంటే బయటికి, ఒంటరిగా ఉంటే మనుషుల్లోకి. టైమర్ మోగాక ఇంకా కావాలనిపిస్తే మరో ఇరవై నిమిషాలు.

అసలు చిక్కు అలలతో కాదు, ఖాళీతో. సాయంత్రం ఆరున్నర నుంచి పది దాకా గంజాయి మీ బదులు ఖర్చుపెట్టిన టైము ఇప్పుడు మొత్తంగా మీ ఒళ్లో పడుతుంది. మూడున్నర గంటలు అంటే ఎంత పొడుగో మర్చిపోయి ఉంటారు. కాబట్టి చీటీ తీయండి. 'ఊరికే' ఎక్కువగా ఉన్న టైముకి ఒళ్లు కదిలే పని పెట్టండి, వేరే మనిషి మీ కోసం ఎదురుచూసేదైతే మరీ మంచిది. షటిల్ కోర్టులో నలుగురిలో మీరొకరైతే ఎగ్గొట్టడం కష్టం. కోపం ఉన్నచోట, ఆఫీసు నుంచి గదికి నేరుగా రాకుండా ముందే వేరే దారి పెట్టుకోండి. "తలుపు తీసి బూట్లు విప్పగానే స్నానానికి వెళ్తాను" లాంటి వాక్యం తయారుగా ఉంచుకుంటే, అప్పటికప్పుడు ఆలోచించాల్సిన పని తప్పుతుంది.

విసుగ్గా ఉంటుంది. సినిమా చప్పగా, పాట చప్పగా, తిండి చప్పగా. రెండో వారం ఇలాగే నడుస్తుంది. మూడో వారంలో ఏదో ఒక చిన్న విషయం దొంగలా తిరిగొస్తుంది. నా మటుకు అది, చదివిన పేజీ మళ్లీ చదవక్కర్లేకపోవడం.

7. దోస్తులు

"మానేశా" అనకండి, వెంటనే చర్చ మొదలవుతుంది. "ఈ నెల గ్యాప్‌లో ఉన్నా రా, 28 దాకా" అంటే చాలామంది "సరే" అని వదిలేస్తారు. తేదీ చెప్తే ఎవడికీ వాదించబుద్ధి కాదు. "ఒక్క దమ్ముకి ఏమవుద్ది బే" అనేవాడు ఒకడుంటాడు. వాడికి జవాబు చెప్పకుండా చేతిలో గ్లాసో, ఏదో ఒకటి ఉంచుకోండి, ఖాళీ చేతికే జాయింట్ వస్తుంది. మొదటి రెండు వారాలు ఆ అడ్డాకే వెళ్లకపోవడం మేలు. వాళ్లలో ఒకరిద్దరిని పగటిపూట, వేరే చోట కలవండి. పొగ లేకుండా మీ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమైనా ఉందో లేదో తెలిసిపోతుంది. అది తెలుసుకోవడం కొన్నిసార్లు బాధగానే ఉంటుంది.

8. ఈ ముక్క మీ పక్కనున్నవాళ్లకి చూపించండి

అక్కో, అన్నయ్యో, రూమ్మేటో సాయం చేయాలనుకుంటే, మొదట చేయాల్సింది ఉపన్యాసం మానుకోవడం. జేబులు వెతకొద్దు, కళ్లలోకి తేరిపార చూసి "తాగావా" అనొద్దు. ఇలా అడిగి చూడండి:

"నెల రోజులు ఆగగలననే నమ్మకం పదికి ఎంతుందిరా?"
"నాలుగు."
"మరి రెండు ఎందుకు కాదు?"

"పది ఎందుకు కాదు" అని అడిగితే సాకులు చెబుతాడు. "రెండు ఎందుకు కాదు" అని అడిగితే తన బలమేంటో తనే వెతుక్కుని చెప్తాడు: "పోయినసారి జ్వరమొచ్చినప్పుడు అయిదు రోజులు ముట్టుకోలేదు కదక్కా." ఆ అయిదు రోజులు ఎలా గడిపాడో అడగండి, అంతే. తర్వాత చేతల్లో చేయగలిగింది: సాయంత్రం ఏడింటికి బయటికి లాక్కెళ్లడం. మీకూ తాగే అలవాటుంటే, ఈ నెల తన ముందు వెలిగించకండి.

9. మధ్యలో జారితే

తాగేశారనుకోండి. దాంతో 'ఎలాగూ చెడింది' అని వారమంతా తాగడమే అసలు నష్టం. మిగిలిందుంటే పారేసి, చీటీలో లైను రాయండి: టైము, ఎక్కడ, ఎవరితో, ఎందుకు. మర్నాటి నుంచి కొనసాగించి, ముగింపు తేదీకి రెండు మూడు రోజులు కలపండి. మూడుసార్లు గట్టిగా ప్రయత్నించినా మొదటి వారం దాటలేకపోతుంటే, అది కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాల్సిన సమయం. ఈ అలవాటు మాన్పించడానికి ప్రత్యేకంగా ఆమోదం పొందిన మాత్ర ఇంతవరకు లేదు, మాటల చికిత్సే ప్రధానం.

10. ఇరవై తొమ్మిదో రోజు

ఆ రోజే తాగకండి. ముందు ఇంకో చీటీ రాయండి: ఇప్పుడు నిద్ర ఎలా ఉంది, ఎంత డబ్బు మిగిలింది, ఏడింటికి ఏం చేస్తున్నారు, దేన్ని నిజంగా మిస్సయ్యారు. మొదటి వారం చీటీ పక్కన పెట్టి చదవండి. కొందరు గ్యాప్‌ని అలాగే పొడిగించేస్తారు. కొందరు శనివారాలకి పరిమితం చేసుకుంటారు. కొందరికి నెలంతా రోజులు లెక్కపెట్టడంతోనే సరిపోతుంది. మీరు ఆ మూడోవాళ్లయితే ఆ సంగతి దాచుకోకండి, కౌన్సెలర్‌తో చెప్పాల్సిన మొదటి వాక్యం అదే.

మళ్లీ మొదలుపెడతారా లేదా అన్నది మీ నిర్ణయం. పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: మీ తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది. నెల క్రితం కొలత ఇప్పుడు మిమ్మల్ని పడగొడుతుంది, గుండె దడ, వణుకు, భయం పట్టుకుంటాయి. ఒకటి రెండు దమ్ములతో ఆపి చూడండి. తినే రకమైతే ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది, "ఇంకా ఎక్కలేదే" అని రెండోది నోట్లో వేసుకోకండి. ఆ రోజు బండి తాళాలు వేరేవాళ్ల చేతిలో ఉండాలి. వారానికి ఎన్ని రోజులు, ఏ టైము తర్వాత, ఒంటరిగానా కాదా అన్నది తాగక ముందే కాగితం మీద రాసుకోండి. మూడు నెలల తర్వాతి ఒక తేదీకి ఫోన్‌లో అలారం పెట్టి, దాని కింద ఒక్క మాట టైప్ చేయండి: 'చీటీ వారం'.